గేటు దగ్గరి రిజిస్టరు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో సాంకేతిక ఉపసంఘం కన్వీనరు గారు చేసిన ప్రసంగ పాఠమిది. సభకు రాలేకపోయిన సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



కార్యదర్శి గారు నాకు అరగంట సమయం ఇచ్చారు. ఇస్తూ ఒక హెచ్చరిక కూడా చేశారు: "డి.ఏ. గురించి మాట్లాడితే చప్పట్లు కొడతారు, సర్వరు గురించి మాట్లాడితే నిద్రపోతారు, చూసుకోండి" అని. నిద్ర వచ్చినవారు నిరభ్యంతరంగా నిద్రపోవచ్చును. కాని చివర ఒక తీర్మానం ఉంది. అప్పటికి మాత్రం లేపమని పక్కవారిని కోరుతున్నాను. ఎందుకంటే అది మీ పింఛను కాగితాలకు సంబంధించినది.

మీకు గుర్తుండే ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో మన సంఘం నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. "సాంకేతిక కారణముల వలన మన వెబ్‌సైటు తాత్కాలికముగా నిలిపివేయబడినది" అని అందులో ఉంది. ఆ వాక్యం వ్రాసింది నేనే. సాంకేతిక కారణాలంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ చందాదారులకు మనం చెప్పిన మాటే అది. ఫోను ఎందుకు మూగబోయిందో మనకు తెలిసినా, తెలియకపోయినా ఆ మాటే చెప్పేవాళ్లం. అప్పుడు చందాదారులకు చెప్పినట్లే నేను మీకూ చెప్పాను. ఈవేళ అసలు కారణం చెప్పడానికి నిలబడ్డాను.

ముందుగా సర్వరు అంటే ఏమిటో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. సర్వరంటే మన ఎక్స్ఛేంజి వంటిదే అనుకోండి. ఇరవై నాలుగు గంటలూ కరెంటు మీద ఉండి, ఎవరు పిలిచినా పలుకుతుంది. వెబ్‌సైటు అడిగిన వారికి పేజీ పంపుతుంది, ఉత్తరాలు తీసుకుంటుంది, ఫైళ్లు దాస్తుంది. దీన్ని నడపాలంటే వెనకటికి ఒక ఇంజనీరు కూర్చుని ఒక్కొక్క ఆజ్ఞా టైపు చేయవలసి వచ్చేది. మనలాంటి చిన్న సంఘాలకూ, చిన్న వ్యాపారస్తులకూ అంత నేర్పు ఎక్కడిది? అందుకని కంట్రోల్ ప్యానెల్ అనే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మన టెస్ట్ డెస్కు లాగా ఇదొక బల్ల. కొత్త ఈమెయిలు ఖాతా కావాలంటే ఒక బొత్తాము, కొత్త వెబ్‌సైటు పెట్టాలంటే ఇంకొక బొత్తాము. నొక్కేది మనం, లోపల ఆజ్ఞలు టైపు చేసేది ప్యానెల్.

ఇక్కడొక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఆ పనులన్నీ చేయడానికి ఈ ప్యానెల్‌కు సర్వరులో సర్వాధికారాలూ ఉండాలి. లినక్సు భాషలో దాన్ని "రూట్" అంటారు. డివిజనల్ ఇంజనీరు, స్టోర్సు కీపరు, క్యాషియరు, వాచ్‌మన్ అందరి తాళాలూ ఒకే గుత్తిలో ఉన్నట్లు. ఆ గుత్తి చేతికి వచ్చినవాడు ఏదైనా చదవగలడు, ఏదైనా మార్చగలడు, తాను వచ్చిన జాడ కూడా చెరిపివేయగలడు.

అటువంటి ప్యానెళ్లలో ఒకటి కంట్రోల్ వెబ్ ప్యానెల్. మొదట్లో దాన్ని సెంటాస్ వెబ్ ప్యానెల్ అనేవారు. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి తక్కువ ఖర్చుతో సర్వరు అద్దెకు తీసుకున్నవారు ప్రపంచమంతటా దీన్ని పెట్టుకున్నారు. మన సంఘమూ అదే పెట్టుకుంది. 2022లో దీనిలో ఒక పెద్ద లోపం బయటపడింది. గైస్ సైబర్ సెక్యూరిటీ అనే సంస్థకు చెందిన నుమాన్ తుర్లే అనే పరిశోధకుడు దాన్ని కనిపెట్టారు. లోపాల అంతర్జాతీయ జాబితాలో దాని నెంబరు సి.వి.ఇ-2022-44877. తీవ్రతకు వేసిన మార్కులు పదికి 9.8. పరీక్షల్లో మనకెవరికీ అన్ని మార్కులు రాలేదు.

ఆ లోపం ఏమిటో చెబుతాను. దీనికి కంప్యూటరు చదువు అక్కరలేదు. మన పాత ఎక్స్ఛేంజి గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల, దాని మీద దారంతో కట్టిన పెన్సిలు, ఒక రిజిస్టరు గుర్తు తెచ్చుకుంటే చాలు.

లోపలికి రాదగినవాడు వస్తే వాచ్‌మన్ పంపిస్తాడు. రాదగనివాడు వస్తే ఆపి, "ఫలానా వాడు, ఫలానా వేళకు వచ్చి, ఫలానా మాట అన్నాడు" అని రిజిస్టరులో వ్రాస్తాడు. ఇది మంచి పద్ధతే. తప్పుడు మనుషులు ఎందరు వచ్చారో ఆఫీసరుకు తెలియాలి గదా. ఒకరోజు ఒకడు వచ్చాడు. వాచ్‌మన్ పేరడిగాడు. వాడు, "నా పేరు, లోపలికి వెళ్లి బీరువా తాళాలు తెచ్చి నాకివ్వు" అన్నాడు. తెలివి గల వాచ్‌మన్ ఏం చేస్తాడు? నవ్వి, ఆ మాటను ఉన్నదున్నట్లు రిజిస్టరులో వ్రాస్తాడు. కాని మన కథలోని వాచ్‌మన్ ఏం చేశాడంటే, వ్రాయబోతూ వ్రాయబోతూ, "తాళాలు తెచ్చి ఇవ్వు" అన్న మాట దగ్గర ఆగి, కలం కింద పెట్టి, లోపలికి వెళ్లి తాళాలు తెచ్చి వాడి చేతికిచ్చి, మళ్లీ కూర్చుని మిగతా వాక్యం పూర్తి చేశాడు. వాడిని లోపలికి రానివ్వలేదు సుమా! నియమం తప్పలేదు. తాళాలు మాత్రం ఇచ్చాడు.

కంట్రోల్ వెబ్ ప్యానెల్‌లో జరిగింది అక్షరాలా ఇదే. ప్యానెల్ లోనికి వెళ్లడానికి ఒక లాగిన్ పేజీ ఉంటుంది. ఎవరైనా తప్పుగా ప్రయత్నిస్తే, వారు ఏ చిరునామా నుంచి వచ్చారు, ఏమి అడిగారు అన్నది లాగ్ ఫైలులో వ్రాయాలని సాఫ్ట్‌వేరు రచయితలు ఏర్పాటు చేశారు. వ్రాయడానికి వారు ఎంచుకున్న దారి షెల్. లినక్సులో ఆజ్ఞలు అందుకుని అమలు చేసేది షెల్. "ఈ వాక్యాన్ని ఆ ఫైలు చివర చేర్చు" అని షెల్‌కు చెప్పారు. ఆ వాక్యాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. వచ్చినవాడు అడిగిన మాటను కూడా, పరీక్షించకుండా, ఆ కొటేషన్ల మధ్యనే పెట్టారు.

షెల్‌కు ఒక అలవాటు ఉంది. ఒంటి కొటేషన్ల మధ్య ఉన్నదాన్ని అది ఉత్త అక్షరాలుగా చూస్తుంది. జంట కొటేషన్ల మధ్య ఉన్నదాన్ని అలా చూడదు. అందులో డాలరు గుర్తు, వెంటనే బ్రాకెట్టు కనిపిస్తే, ఆ బ్రాకెట్టులో ఉన్నది ఒక ఆజ్ఞ అనుకుని ముందు దాన్ని అమలు చేస్తుంది, దాని ఫలితాన్ని ఆ చోటులో పెడుతుంది, ఆ తర్వాత వాక్యం వ్రాస్తుంది. ఇది షెల్ తప్పు కాదు. దాని స్వభావమే అది. తెలియని మనిషి నోటి మాటను అటువంటివాడి చేతిలో పెట్టడం తప్పు.

కాబట్టి దొంగకు పాస్‌వర్డు అక్కరలేదు. పాస్‌వర్డు ఊహించనక్కరలేదు. లాగిన్ పేజీని అడిగే చిరునామా వరుసలో, లాగిన్ అన్న మాట పక్కన, డాలరు గుర్తూ బ్రాకెట్టూ పెట్టి తన ఆజ్ఞ వ్రాసి పంపితే చాలు. ప్యానెల్ వాడిని లోపలికి రానివ్వదు. రానివ్వలేదని లాగ్ వ్రాయబోతుంది. వ్రాయబోతూ వాడి ఆజ్ఞ అమలు చేస్తుంది. అదీ రూట్ అధికారంతో. ఇటువంటి లోపాన్ని "ఇంజెక్షన్" అంటారు. మందు ఎక్కించే సూదిలోంచే విషం ఎక్కించడం లాంటిది. నన్ను అన్నిటికంటె కలచివేసింది ఏమిటంటే, తప్పుడు మనుషుల్ని నమోదు చేయడానికి పెట్టిన రిజిస్టరే వాళ్లకు దారి అయింది. భద్రత కోసం చేసిన పనిలోనే రంధ్రం ఏర్పడింది.

మిత్రులారా, ఈ జబ్బు కొత్తదనుకుంటున్నారా? ఇది మన శాస్త్రంలో పుట్టిన జబ్బే. కంప్యూటరు వాళ్లకంటె ముందు టెలిఫోను వాళ్లు అనుభవించారు.

అమెరికాలో దూరపు ట్రంకు లైన్ల మీద 2600 హెర్ట్జ్ స్వరం ఒకటి ఉండేది. లైను ఖాళీగా ఉందని ఒక ఎక్స్ఛేంజి రెండవదానికి చెప్పే గుర్తు అది. నెంబరు పంపే స్వరాలు కూడా ఆ తీగ మీదనే వెళ్లేవి. చందాదారు మాట్లాడే గొంతూ ఆ తీగ మీదనే వెళ్లేది. ఆజ్ఞా, సంభాషణా ఒకే దారిన ప్రయాణం చేసేవి. ఇంకేం కావాలి? కొందరు కుర్రాళ్లు ఆ 2600 స్వరాన్ని తమ రిసీవరులోంచే ఊదారు. పిల్లలు తినే క్యాప్టెన్ క్రంచ్ అనే అటుకుల పొట్లంలో బహుమానంగా ఇచ్చిన ఈలకు కూడా ఆ స్వరమే వచ్చిందని ప్రసిద్ధి. అవతలి ఎక్స్ఛేంజి, పెట్టేశారు కాబోలు అనుకుని లైను వదిలేది. ఇవతలివాడు ఇంకా లైనులోనే ఉండేవాడు. తర్వాత ఆపరేటరు పంపే స్వరాలను చిన్న పెట్టెతో తానే పంపి, డబ్బు కట్టకుండా ఎక్కడికంటే అక్కడికి మాట్లాడేవాడు. ఆ పెట్టెనే బ్లూ బాక్స్ అన్నారు. 1971 అక్టోబరులో ఎస్క్వైర్ అనే పత్రిక దీని మీద పెద్ద వ్యాసం వేసేసరికి లోకమంతటికీ తెలిసింది.

దానికి మందు ఏమిటో ఈ సభలో ఎవరిని అడిగినా చెబుతారు. సిగ్నలింగును సంభాషణ నుంచి వేరు చేయడమే. అమెరికాలో 1976 నుంచి సిగ్నలింగుకు ప్రత్యేకమైన దారి వేశారు. 1980లో సి.సి.ఐ.టి.టి. వారు ఏడవ నెంబరు సిగ్నలింగుకు ప్రమాణాలు ప్రకటించారు. అంత దూరం ఎందుకు? మన పి.సి.ఎం. వ్యవస్థను తలచుకోండి. 2 మెగాబిట్ల దారిలో 32 టైం స్లాట్లు. సున్నా స్లాటు వరుస తప్పకుండా చూడడానికి, 16వ స్లాటు సిగ్నలింగుకు, మిగిలిన 30 మాటలకు. లైను కలపడం, విడదీయడం వంటి గుర్తులన్నీ ఆ 16వ స్లాటులోనే వెళతాయి. చందాదారు తన స్లాటులో ఈల వేసినా, పాట పాడినా, 16వ స్లాటులోకి అడుగు పెట్టలేడు. అతని నోటి నుంచి వచ్చింది ఎప్పటికీ మాటే గాని ఆజ్ఞ కాదు.

ఇది మనకు వెన్నతో పెట్టిన విద్య. అయినా సాఫ్ట్‌వేరు లోకం ఈ పాఠాన్ని మళ్లీ మళ్లీ మరచిపోతూ వచ్చింది. 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే పత్రికలో, డేటాబేసును అడిగే ప్రశ్నలోకి వెబ్‌సైటు సందర్శకుడు తన సొంత ఆజ్ఞను ఎలా దూర్చగలడో వివరించారు. ఎస్.క్యు.ఎల్. ఇంజెక్షన్ అన్నది అదే. 2021 డిసెంబరులో లాగ్4జె అనే, ప్రపంచమంతటా వాడే లాగ్ వ్రాసే సాఫ్ట్‌వేరులో, వ్రాయమని ఇచ్చిన వాక్యంలోని ఒక ప్రత్యేకమైన గుర్తును చూసి అది బయటి సర్వరు నుంచి ప్రోగ్రాము తెచ్చుకుని నడపగలదని తేలింది. అదీ రిజిస్టరు కథే. అప్పుడు లోకమంతా అల్లకల్లోలమయింది. తర్వాత ఏడాది తిరగకుండానే మన ప్యానెల్‌లో ఈ లోపం కనబడింది.

మందు ఇక్కడా అదే. వచ్చినవాడి మాటను షెల్ చేతికి ఇవ్వకుండా నేరుగా ఫైలులో వ్రాయవచ్చు. షెల్‌తోనే పని ఉంటే, ఆ మాటలోని ప్రత్యేక గుర్తులన్నిటికీ శక్తి తీసివేసి, ఉత్త అక్షరాలుగా మార్చి ఇవ్వవచ్చు. రెండూ పాత పద్ధతులే, తెలిసిన పద్ధతులే.

ఇక తేదీలు చెబుతాను. దయచేసి వీటిని జాగ్రత్తగా వినండి. నా తప్పు ఈ తేదీల మధ్యనే ఉంది.

సాఫ్ట్‌వేరు తయారుచేసినవారు లోపాన్ని సరిదిద్ది, 0.9.8.1147 అనే కొత్త వెర్షన్‌ను 2022 అక్టోబరు 25న విడుదల చేశారు. లోపం ఎలా పనిచేస్తుందో పరిశోధకుడు వెంటనే బయటపెట్టలేదు. అందరూ సరిచేసుకోవడానికి వ్యవధి ఇచ్చి, 2023 జనవరి 3న వివరాలు ప్రకటించారు. అంటే సరిగ్గా 70 రోజులు. జనవరి 6 నాటికే దొంగలు దాన్ని వాడడం మొదలుపెట్టారని ఇంటర్నెట్టును కనిపెట్టి ఉండే షాడోసర్వర్ ఫౌండేషన్ వారు గమనించారు. జనవరి 17న అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా, దీన్ని "వాస్తవంగా వాడుతున్న లోపాల" జాబితాలో చేర్చి, తమ ప్రభుత్వ కార్యాలయాలకు ఫిబ్రవరి 7 వరకు గడువిచ్చింది. ఆ రోజుల్లో షాడోసర్వర్ వారికి రోజూ సుమారు 38,000 ప్యానెళ్లు ఇంటర్నెట్టు మీద కనబడుతుండేవి. వాటిలో సరిచేసుకున్నవీ ఉన్నాయి, చేసుకోనివీ ఉన్నాయి. చేసుకోని వాటిలో మనదొకటి.

70 రోజులు! వివరాలు బయటికి రాకముందే తాళం మార్చుకొమ్మని ఇచ్చిన వ్యవధి అది. ఆ 70 రోజులూ నేనేం చేస్తున్నాను? నవంబరు నెల వచ్చింది. నవంబరంటే లైఫ్ సర్టిఫికెట్ల నెల. మన ఆఫీసు ముందు క్యూ మీరు చూశారు. వేలిముద్రలు పడని పెద్దలకు రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నం చేయించాలి. మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లాలి. నేనూ, మరి ఇద్దరు మిత్రులూ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పనిలోనే ఉన్నాము. సర్వరు అద్దెకిచ్చిన చిన్న కంపెనీ నుంచి, "మీ ప్యానెల్ పాతబడింది, నవీకరించుకోండి" అని ఈమెయిలు వచ్చింది. చూశాను. "నవంబరు అయిపోనీ" అనుకున్నాను. నవంబరు అయిపోయింది, డిసెంబరూ అయిపోయింది. ఆ ఈమెయిలు కింద ఇంకో రెండు వందల ఈమెయిళ్లు వచ్చి పడ్డాయి.

ఇంకొక తప్పు కూడా చెప్పాలి. ఆ నవంబరులోనే, మళ్లీ మళ్లీ అడగనక్కర లేకుండా ఉంటుందని, వచ్చిన సభ్యుల వివరాలన్నీ ఒక ఫైలులో వ్రాసి ఆ సర్వరు మీదనే పెట్టాము. పేరు, పి.పి.ఓ. నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు, ఫోను నెంబరు, నామినీ పేరు. మూడు వందల పైచిలుకు కుటుంబాలవి. సదుద్దేశంతోనే చేశాము. గేటు దగ్గరి రిజిస్టరు కూడా సదుద్దేశంతో పెట్టిందే.

సంక్రాంతి పండుగ రోజుల్లో మన వెబ్‌సైటు నత్తనడక నడవసాగింది. ఒక సభ్యుని కుమారుడు ఈ రంగంలోనే పనిచేస్తున్నాడు, పండుగకు ఇంటికి వచ్చి ఉన్నాడు. ఆ అబ్బాయిని చూడమన్నాను. పది నిమిషాలు చూసి, "అంకుల్, ఇందులో మనం పెట్టని ప్రోగ్రాము ఒకటి నడుస్తోంది. ప్రాసెసరంతా అదే తింటోంది. అదీ రూట్ పేరు మీద నడుస్తోంది" అన్నాడు. వెర్షన్ చూశాడు, 1147 కంటె పాతది. "ఎవరెవరు వచ్చారో లాగ్ చూద్దామా?" అని నేనడిగాను. ఆ అబ్బాయి నా వంక జాలిగా చూసి, "రూట్ చేతికి వచ్చినవాడి లాగ్‌ను నమ్మలేము అంకుల్. వాడు ఉంచినదే మనం చదువుతాం" అన్నాడు. ఆ పూటే సర్వరు ఆపేశాము.

ఫైలు పోయిందా, పోలేదా? వాడు మన కరెంటూ ప్రాసెసరూ వాడుకోవడానికి మాత్రమే వచ్చాడా, బీరువా కూడా తెరిచాడా? తేల్చి చెప్పే సాక్ష్యం మన దగ్గర మిగలలేదు. నేను సర్క్యులరులో "సాంకేతిక కారణములు" అని వ్రాసి ఊరుకున్నాను.

ఫిబ్రవరి చివరలో ఒకనాటి మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. మాతో పాటు క్రాస్‌బార్ ఎక్స్ఛేంజిలో పనిచేసి కాలం చేసిన ఒక మిత్రుని భార్య. ఆమె పేరు ఇక్కడ చెప్పను. ఎవరో ఫోను చేసి, పింఛను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, ఆమె పి.పి.ఓ. నెంబరు తప్పు లేకుండా చదివి, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. చెప్పమన్నారట. ఆమె, "మా అన్నయ్యగారిని అడిగి చెబుతాను" అని పెట్టేసి నాకు చేశారు. డబ్బు పోలేదు. ఆమె వివేకం వల్ల పోలేదు గాని నా వల్ల కాదు. అంతా చెప్పి, చివరకు ఒక్క మాట అడిగారు.

"అన్నయ్యగారూ, ఆ నెంబరు నేను మీకు తప్ప ఎవరికీ వ్రాసివ్వలేదు. వాడి చేతికి ఎలా వెళ్లింది?"

ఆ నెంబరు మన ఫైలు నుంచే వెళ్లిందని నేను రుజువు చేయలేను. వెళ్లలేదని కూడా రుజువు చేయలేను. కాబట్టి ఆమెకు ఏ జవాబూ చెప్పలేకపోయాను. "జాగ్రత్తగా ఉండమ్మా" అని మాత్రం అన్నాను. జాగ్రత్తగా ఉండవలసింది ఎవరు?

ఇంతకాలం తర్వాత ఇది ఎందుకు చెబుతున్నానంటే, సభ్యుల వివరాలన్నీ మళ్లీ సేకరించి కొత్త సర్వరు మీద పెడదామని ఈ సమావేశం ముందుకు ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదించినవారి ఉద్దేశం మంచిదే, నాకు తెలుసు. కాని పాత లోపం పూడ్చారు గదా, ఇంక భయమేమిటి అని వారంటున్నారు. అయ్యా, అదే కంట్రోల్ వెబ్ ప్యానెల్‌లో 2025లో మళ్లీ ఇటువంటి లోపమే బయటపడింది. ఈసారి లాగిన్ రిజిస్టరులో కాదు, ఫైళ్ల అనుమతులు మార్చే చోట. ఏ అనుమతి కావాలో చెప్పే ఖాళీలో అంకె ఉండవలసిన చోట ఆజ్ఞ పెట్టి పంపితే అమలు చేసింది. సర్వరులోని ఒక వాడుకరి పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డు అక్కరలేదు. 0.9.8.1205 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. 2025 నవంబరులో సిసా దాన్నీ తన జాబితాలో చేర్చింది. మళ్లీ నవంబరే, చూడండి. ఆ సాఫ్ట్‌వేరు వారిని ఒక్కరినే నిందించడానికి చెప్పడం లేదు. ఏ కంపెనీ సాఫ్ట్‌వేరయినా మనుషులు వ్రాసేదే. లోపాలు వస్తూనే ఉంటాయి. ఎక్స్ఛేంజిలో మాత్రం రాలేదా? ఒకసారి ఫాల్టు తీసినంత మాత్రాన ఫాల్టు డాకెట్ల పుస్తకం మూసివేశామా?

మన ఎక్స్ఛేంజి ఎలా నడిచిందో గుర్తు తెచ్చుకోండి. రోజూ ఉదయం రొటీన్ టెస్టులు. ఎవరు చేశారో లాగ్ బుక్కులో సంతకం. సెలవు పెడితే ఎవరికి చార్జి ఇచ్చారో కాగితం మీద ఉండాలి. "నవంబరు అయిపోనీ" అన్న మాట ఆ లాగ్ బుక్కులో ఎవరైనా వ్రాయగలిగేవారా? వ్రాస్తే సబ్ డివిజనల్ ఆఫీసరు ఊరుకునేవారా? రిటైరయిన తర్వాత మనం ఆ పద్ధతిని కూడా ఆఫీసులోనే వదిలేసి వచ్చాము. సర్వరు పెట్టాము గాని దానికి డ్యూటీ చార్టు పెట్టలేదు.

అందుచేత నా తీర్మానంలో నాలుగు అంశాలున్నాయి. క్లుప్తంగా చదువుతాను.

ఒకటి. సభ్యుల పి.పి.ఓ. నెంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ కాపీలు ఏ సర్వరు మీదా పెట్టరాదు. వెబ్‌సైటులో సమావేశాల తేదీలు, సర్క్యులర్లు, ఫారాలు మాత్రమే ఉండాలి. బీరువాలో ఏమీ లేకపోతే తాళాలు పోయినా దొంగకు దొరికేది లేదు.

రెండు. సర్వరు ప్యానెల్ లాగిన్ పేజీ లోకమంతటికీ కనబడనక్కరలేదు. ఈ ప్యానెల్ 2030, 2031 అనే పోర్టుల మీద పలుకుతుంది. మన ఆఫీసు నుంచి, బాధ్యులైన ఇద్దరి ఇళ్ల నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి పిలిచినా అది పలకకుండా ఫైర్‌వాల్‌లో కట్టడి చేయాలి. గేటు రోడ్డు మీదనే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు.

మూడు. వారానికొకసారి వెర్షన్ సరిచూసి, ఒక కాగితపు రిజిస్టరులో తేదీ, వెర్షన్ నెంబరు వ్రాసి సంతకం చేయడానికి ఇద్దరిని నియమించాలి. ఒకరు ఊరు వెళితే రెండవవారు. ఆ రిజిస్టరు ప్రతి కార్యవర్గ సమావేశంలో బల్ల మీద ఉండాలి. ఆ పని చేయడానికి ఇద్దరు దొరకకపోతే మనకు సొంత సర్వరు వద్దు. సర్క్యులరు పోస్టులో పంపుకుందాము.

నాలుగు. ఎప్పుడైనా ఇటువంటిది జరిగితే, వారం రోజుల్లోపల సభ్యులందరికీ జరిగింది జరిగినట్లు తెలియజేయాలి. ఆ ఉత్తరంలో "సాంకేతిక కారణములు" అన్న మాట వాడరాదు. డబ్బు పోయినవారు ఉంటే ఆ క్షణంలోనే 1930 నెంబరుకు ఫోను చేయాలని అందులో వ్రాయాలి. ఆలస్యమయిన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మొదటి అంశం మీద అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. "ప్రతి నవంబరులోనూ మళ్లీ మొదటి నుంచి వ్రాయించుకోవాలా?" అని అంటారు. అవును, వ్రాయించుకోవాలి. శ్రమే. ఆ శ్రమ మన నలుగురిది. ఫైలు పోతే వచ్చే కష్టం మూడు వందల ఇళ్లది. ఆ రెంటినీ తూకం వేసి ఓటు వేయమని కోరుతున్నాను.

మిత్రులారా, మనం చదివింది పెద్ద చదువులు కాకపోవచ్చు. కాని చందాదారు గొంతు వెళ్లే దారి వేరు, ఎక్స్ఛేంజి ఆజ్ఞ వెళ్లే దారి వేరు అన్న సత్యాన్ని మన చేతులతో తీగలు కలిపి నేర్చుకున్నవాళ్లం. ఆ సత్యం తెలిసిన నేనే, ఆ సత్యాన్ని మరచిన సాఫ్ట్‌వేరును మన గేటు దగ్గర కూర్చోబెట్టాను. దాన్ని సరిచేసుకోమని ఉత్తరం వస్తే పక్కన పెట్టాను. ఇందులో సాఫ్ట్‌వేరు వారి తప్పు ఎంత ఉందో, నా తప్పూ అంత ఉంది. కన్వీనరు పదవి నుంచి తప్పుకుంటున్నానని కార్యదర్శి గారికి కాగితం ఇచ్చాను. ఆ ఇద్దరిలో ఒకరిగా, రిజిస్టరులో సంతకం పెట్టే పని మాత్రం ఇస్తే సంతోషంగా చేస్తాను.

ఆ సోదరి ఈవేళ సభలో ఉన్నారు. అమ్మా, ఆరోజు మీరడిగిన ప్రశ్నకు ఇప్పుడు నేను చెప్పగలిగినంత జవాబు ఇదే. ఆలస్యమయినందుకు క్షమించండి.

 నిద్రపోయినవారిని ఇప్పుడు లేపవచ్చును. తీర్మానం అధ్యక్షుల వారి ముందు ఉంచుతున్నాను. సెలవు.

(తీర్మానం స్వల్ప చర్చ తర్వాత ఏకగ్రీవంగా ఆమోదించబడినది. వారపు రిజిస్టరు సంఘ కార్యాలయంలో సభ్యులు ఎప్పుడైనా చూడవచ్చును. – సంపాదకవర్గం)